'డిడ్ నాట్ వెంట్' ఎక్కడి నుంచి వస్తుంది? హెల్పింగ్ వర్బ్ పాఠంలో జారిపోతున్న సంగతి

'షి ఈజ్ సింగింగ్' అని బోర్డు మీద రాసి హెల్పింగ్ వర్బ్ కింద గీత గీయమంటే, నాలుగో తరగతి పిల్లలు తడుముకోకుండా 'ఈజ్' కింద గీస్తారు. మెయిన్ వర్బ్ ఏదంటే 'సింగింగ్' అంటారు. పరీక్షలో పదికి పది. అదే పిల్లల్ని నిన్న బడికి ఎందుకు రాలేదని ఇంగ్లిష్‌లో అడిగితే జవాబు 'ఐ డిడ్ నాట్ కేమ్' అని మొదలవుతుంది. సహాయక క్రియను గుర్తుపట్టడం వచ్చింది, దానితో పని చేయించడం రాలేదు. పాఠం చాలాచోట్ల గుర్తుపట్టడం దగ్గరే ఆగిపోతుంది కాబట్టి ఇందులో పిల్లల తప్పు పెద్దగా లేదు.

ఈ ఆగిపోవడానికి మూలం జాబితా. మన స్పోకెన్ ఇంగ్లిష్ పుస్తకాల్లో హెల్పింగ్ వర్బ్స్ 24 అని ఉంటుంది. 'యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్' 5. 'డు, డజ్, డిడ్' 3. 'హ్యావ్, హ్యాజ్, హ్యాడ్' 3. 'కెన్, కుడ్, విల్, వుడ్, షల్, షుడ్, మే, మైట్, మస్ట్' 9. వీటికి 'ఆట్ టు, యూజ్డ్ టు, నీడ్, డేర్' అనే 4 కలిపితే 24. వేరే పుస్తకాల్లో 23 కనిపిస్తుంది. అక్కడ చివరి నాలుగూ తీసేసి 'బి, బీయింగ్, బీన్' చేర్చారు, అంతే తేడా. నిజానికి 'యూజ్డ్ టు' ఈ వరసలో ఇమిడేది కాదు. ప్రశ్న వేయాలంటే 'డిడ్ యు యూజ్ టు' అని అది కూడా 'డిడ్' సాయం అడుగుతుంది. సాయం అడిగేది సహాయక క్రియ ఎలా అవుతుంది? అంకె 23 అయినా 24 అయినా, పిల్లలు దాన్ని ఎక్కంలా అప్పజెప్పగలరు కానీ ఏ మాట తర్వాత ఏ రూపం రావాలో ఆ జాబితా చెప్పదు.

చెప్పాల్సింది ఆ రూపం సంగతే. ఇంగ్లిష్ సహాయక క్రియలు నాలుగు కుటుంబాలు. ఒక్కో కుటుంబం తన వెనుక వచ్చే క్రియను ఒక్కో రూపంలో నిలబెడుతుంది. 'కెన్, విల్, మస్ట్' లాంటివి వస్తే తర్వాత వి1, అంటే క్రియ మూలరూపం 'గో'. 'డు, డజ్, డిడ్' వచ్చినా వి1 మాత్రమే. 'హ్యావ్, హ్యాజ్, హ్యాడ్' వస్తే వి3, అంటే 'గాన్'. 'యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్' వస్తే 'ఐఎన్‌జి' రూపం. కర్మణి వాక్యమైతే వి3. ఒకటికి మించి సహాయక క్రియలు వచ్చినా ఇదే సూత్రం గొలుసులా సాగుతుంది. 'షి హ్యాజ్ బీన్ వెయిటింగ్' తీసుకుంటే, 'హ్యాజ్' తన పక్కనున్న 'బి'ని వి3 చేసి 'బీన్'గా మార్చింది; ఆ 'బీన్' తన పక్కనున్న 'వెయిట్'కు 'ఐఎన్‌జి' తగిలించింది. ప్రతి మాటా తన పక్క మాటనే శాసిస్తుంది, దాన్ని దాటి ముందుకు పోదు. ఇక్కడ గమనించాల్సింది ఇంకొకటి ఉంది: వి2, అంటే భూతకాల రూపం, ఏ సహాయక క్రియ వెనుకా రాదు. 'వెంట్, కేమ్, సా, ఏట్' ఎప్పుడూ ఒంటరిగానే ఉంటాయి. ఈ ఒక్క వాక్యం గోడ మీద చార్టుగా ఉంటే 'డిడ్ నాట్ వెంట్', 'హ్యావ్ వెంట్', 'కెన్ వెంట్' మూడింటికీ ఒకేసారి జవాబు దొరుకుతుంది.

అసలు సహాయక క్రియ ఎందుకు ఉంది అన్న ప్రశ్నకు తెలుగులోనే సమాధానం ఉంది. ఇంగ్లిష్ పీరియడ్‌లో తెలుగు వాడకూడదన్న నియమం పెట్టుకున్న బడులు ఈ సదుపాయాన్ని చేజేతులా వదులుకుంటున్నాయి. 'తింటున్నాడు' అన్న మాటను విడదీస్తే 'తింటూ ఉన్నాడు'. తినడం అనే అర్థం 'తింటూ'లో ఉంది. ఎవరు, ఒకరా ఇద్దరా అన్నది 'ఉన్నాడు'లో ఉంది. మనిషి మారితే 'తింటూ ఉన్నాను, తింటూ ఉన్నావు, తింటూ ఉన్నారు' అని వెనుక ముక్కే మారుతుంది, 'తింటూ' కదలదు. ఇంగ్లిష్‌లోనూ అంతే: 'యామ్ ఈటింగ్, ఈజ్ ఈటింగ్, ఆర్ ఈటింగ్'. తెలుగులో సహాయక క్రియ వెనుక, ఇంగ్లిష్‌లో ముందు. మార్పు భారమంతా రెండు భాషల్లోనూ సహాయక క్రియే మోస్తుంది.

హైస్కూలు తెలుగు పాఠంలో సమాపక క్రియ, అసమాపక క్రియ అని వస్తాయి కదా, అవే ఇక్కడ అక్కరకొస్తాయి. 'హి ఈటింగ్' ఎందుకు తప్పో చెప్పాలంటే 'వాడు తింటూ' అని చెప్పి ఆపేస్తే చాలు. 'తింటూ ఏం చేస్తున్నాడు?' అని పిల్లలే అడుగుతారు. వాక్యం ముగియలేదని వాళ్ల చెవికి తెలుసు. 'ఈజ్' పెట్టేదాకా 'హి ఈటింగ్' పరిస్థితీ అదే. మిగతా కుటుంబాలకూ జంటలు ఉన్నాయి: 'చెప్పగలను'లో 'గలను'కు 'కెన్', 'వెళ్లవచ్చు'లో 'వచ్చు'కు 'మే', 'వెళ్లాలి'లో 'ఆలి'కి 'మస్ట్', 'వెళ్లకూడదు'లో 'కూడదు'కు 'షుడ్ నాట్'. పిల్లలకు ఇవి కొత్త ఊహలు కావు, చోటు మారిన పాత ఊహలు.

ఏది ముందు చెప్పాలన్న విషయంలో మాత్రం ఇప్పుడున్న వరస మార్చాలి. దాదాపు అందరూ 'యామ్, ఈజ్, ఆర్'తో మొదలుపెడతారు. అది కష్టమైన చోటు: మనిషిని బట్టి మాట మారాలి, దాని వెనుక 'ఐఎన్‌జి' కూడా గుర్తుండాలి, పైగా అదే మాట 'హి ఈజ్ ఎ డాక్టర్'లో మెయిన్ వర్బ్ కూడా. 'కెన్'కు ఈ బెడద ఏదీ లేదు. ఎవరికైనా 'కెన్', వెనుక ఎప్పుడూ వి1, ప్రశ్నకు ముందుకు జరుగుతుంది, కాదనడానికి పక్కన 'నాట్' చేరుతుంది. సహాయక క్రియ చేసే పనులన్నీ ఏ చిక్కూ లేకుండా కనిపించేది ఇందులోనే. మూడో తరగతిలో మొదటి వారం పది రోజులు 'కెన్'తోనే గడిపినా ఆ సమయం వృథా కాదు.

దీనికి కావలసిన సామగ్రి ఎ4 కాగితాలు, మూడు రంగుల స్కెచ్ పెన్నులు. కాగితాన్ని అడ్డంగా నాలుగు పట్టీలుగా కత్తిరిస్తే వెనుక బెంచీ దాకా కనిపించేంత పెద్ద అక్షరాలు రాయవచ్చు. కర్త నలుపులో, సహాయక క్రియ ఎరుపులో, ప్రధాన క్రియ నీలంలో. కర్తలు మూడు చాలు: 'ఐ', 'మై సిస్టర్', 'ది బాయ్స్'. ప్రధాన క్రియలు ఆరు: 'స్విమ్, రీడ్, కుక్, డ్రా, క్లైంబ్, రైడ్'. ఒక 'నాట్' పట్టీ, ఒక ప్రశ్న గుర్తు పట్టీ. ముగ్గురు పిల్లలు పట్టీలు పట్టుకుని వరసగా నిలబడతారు: 'మై సిస్టర్', 'కెన్', 'స్విమ్'. ప్రశ్న గుర్తు పట్టుకున్న పిల్ల వచ్చి చివర నిలబడగానే మొదటి ఇద్దరూ చోట్లు మార్చుకుంటారు. నీలం పట్టీ ఉన్న పిల్లవాడు కదలకూడదు, పట్టీ మీద మాట మారకూడదు. 'నాట్' వస్తే ఎరుపుకూ నీలానికీ మధ్యన దూరుతుంది. 'మై సిస్టర్ కెన్ స్విమ్స్' అని 'ఎస్' తగిలించే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. తెలుగులో 'గలడు, గలదు, గలరు' అని మారుతుంది కాబట్టి ఇక్కడా ఏదో మారాలని వాళ్ల అనుమానం. 'ఎస్' రాయడానికి నీలం పట్టీ మీద ఖాళీయే లేకుండా చూస్తే ఆ అనుమానం త్వరగా పోతుంది.

రెండో మెట్టు 'ఈజ్, ఆర్, యామ్'. ఇక్కడ పట్టీల్లో చిన్న మార్పు. 'ఐఎన్‌జి' అని ఎరుపులోనే విడి ముక్క రాసి, దాన్ని 'ఈజ్' పట్టీకి మూరెడు దారంతో కట్టాలి. 'ఈజ్' వస్తే ఆ ముక్క నీలం పట్టీకి క్లిప్పుతో తగులుతుంది, 'ఈజ్' పోతే దారంతోపాటు అదీ పోతుంది. 'హి ఈజ్ ఈట్', 'హి ఈటింగ్' అనే రెండు తప్పులూ ఆ రెండింటినీ వేరువేరు సంగతులుగా నేర్పడం వల్ల వచ్చినవే. ప్రశ్న వేసినా దారం తెగదు: 'ఈజ్ హి ఈటింగ్?' అన్నప్పుడు 'ఈజ్' ముందుకు పోయినా ముక్క నీలం పట్టీ మీదే ఉంటుంది. 'వేర్ యు ఆర్ గోయింగ్?' అనే తప్పు కూడా ఈ దశలోనే సరిచేయాలి. తెలుగులో 'నువ్వు ఎక్కడికి వెళ్తున్నావు?' అన్నప్పుడు క్రియ జరగదు, ప్రశ్న పదం ఉంటే చాలు. ఇంగ్లిష్‌లో 'వేర్' పట్టీ వచ్చి ముందు నిలబడినా కర్త, ఎరుపు పట్టీ చోట్లు మార్చుకోవాల్సిందే.

మూడో మెట్టు 'డు, డజ్, డిడ్'. అసలు కష్టమంతా ఇక్కడే ఉంది. మెయిన్ వర్బ్‌గా 'డు' అంటే 'చేయు' అని పిల్లలకు తెలుసు. 'డు యు లైక్ మిల్క్?' అన్నదాంట్లో ఆ 'చేయు' కోసం వెతికితే దొరకదు. ఇక్కడ 'డు'కు సొంత అర్థం లేదు. ప్రశ్న వేయడానికి, కాదనడానికి ఒక ఎరుపు పట్టీ అవసరమై వచ్చింది, అంతే. నాలుగు వందల ఏళ్ల కిందటి ఇంగ్లిష్‌లో 'నో యు?' (నీకు తెలుసా?), 'ఐ నో నాట్' (నాకు తెలియదు) అని 'డు' లేకుండానే అనేవారు. ఆ తర్వాత ఈ అలవాటు స్థిరపడింది. కాబట్టి తెలుగు అర్థం చెప్పాలని ఉపాధ్యాయులు అవస్థ పడనక్కరలేదు.

మరి 'హి గోస్'లో ఎరుపు పట్టీ ఏది? దాగి ఉంది. పొడవాటి పట్టీ తీసుకుని లోపల 'డజ్' ఎరుపులో, 'గో' నీలంలో పక్కపక్కన రాయాలి. పట్టీని మడిచి పైన 'గోస్' అని రాయాలి. అలాగే 'డిడ్', 'గో' లోపల రాసిన పట్టీ మీద 'వెంట్'. 'డు', 'గో' రాసిన దాని మీద ఉత్త 'గో'. ప్రశ్న గుర్తు వచ్చినా 'నాట్' వచ్చినా పట్టీ విప్పాలి. విప్పగానే పై మాట కనిపించకుండా పోతుంది, 'ఎస్' కానీ వి2 కానీ మిగలవు. 'డజ్ హి గోస్?' అన్న పిల్లవాడికి అతని పట్టీ విప్పి చూపించి, 'ఎస్' ఇప్పటికే 'డజ్'లోకి వెళ్లిపోయిందని చెప్పవచ్చు. 'స్టడీస్' విప్పితే 'డజ్ స్టడీ', 'హ్యాజ్' విప్పితే 'డజ్ హ్యావ్'. ఒక్కొక్కరి చేత కనీసం పది పన్నెండు క్రియలకు ఈ పట్టీలు సొంతంగా తయారు చేయించాలి. రెగ్యులర్, ఇర్రెగ్యులర్ సగం సగం ఉంటే మంచిది.

'డిడ్ నాట్ గో'కు తెలుగులో అచ్చంగా సరిపోయేది 'వెళ్లలేదు'. నేను వెళ్లలేదు, వాడు వెళ్లలేదు, వాళ్లు వెళ్లలేదు. మనిషి ఎవరైనా మాట ఒకటే, 'డిడ్ నాట్' కూడా అంతే. 'వెళ్లాడులేదు' అని ఎవరూ అనరు. కాలాన్ని 'లేదు' మోస్తోంది కాబట్టి ముందున్న 'వెళ్ల' బోడిగా ఉంటుంది. 'డిడ్ నాట్ వెంట్' అంటే 'వెళ్లాడులేదు' అన్నట్టే అని చెప్తే తరగతి నవ్వుతుంది, గుర్తు కూడా ఉంటుంది.

ఇంతకన్నా దగ్గరి దారి ఇళ్లలో రోజూ వినపడే కలగలుపు తెలుగులో ఉంది. 'ఫోటో సెండ్ చేశాడా?', 'సెండ్ చేయలేదు' అంటాం. 'సెంట్ చేశాడు' అని ఎవరూ అనరు. 'డ్రైవ్ చేశాడు' అంటారు, 'డ్రోవ్ చేశాడు' అనరు. అర్థం మోసే ఇంగ్లిష్ మాట వి1లోనే ఉంది, కాలం 'చేశాడు'లో ఉంది. 'చేశాడా'ను 'డిడ్ హి'గా, 'చేయలేదు'ను 'డిడ్ నాట్'గా మార్చి ముందుకు జరిపితే 'డిడ్ హి సెండ్?', 'హి డిడ్ నాట్ సెండ్' వస్తాయి. ఇంగ్లిష్ చదువు లేని ఇళ్ల పిల్లలకు కూడా ఈ వాక్యాలు పరిచయమే. అయితే ఈ కిటుకు ప్రశ్నలకూ వ్యతిరేక వాక్యాలకూ మాత్రమే. 'సెండ్ చేశాడు' అనే మామూలు వాక్యం 'హి సెంట్' కావాలి, 'హి డిడ్ సెండ్' అంటే నొక్కి చెప్పినట్టవుతుంది. 'స్టక్ అయ్యాం' లాంటి 'అవు' మాటలు దీని కిందకు రావు.

'డు' నేర్చుకున్నాక పిల్లలు దాన్ని అక్కర్లేని చోటా పెడతారు. 'హూ డిడ్ కమ్?' అంటారు. ఎవరు అన్నదే కర్త అయినప్పుడు పట్టీ విప్పే పని లేదు, 'హూ కేమ్?' చాలు. 'డజ్ హి ఎ డాక్టర్?' అనేవాళ్లూ ఉంటారు. 'ఈజ్' మెయిన్ వర్బ్‌గా ఉన్నా తానే ముందుకు జరిగే ఏకైక క్రియ అని అప్పుడు చెప్పాలి, అంతకుముందు కాదు.

ఒకే మాట మెయిన్ వర్బ్ ఎప్పుడు, హెల్పింగ్ వర్బ్ ఎప్పుడు అన్నదానికి పరీక్ష సులువు: దాని వెనుక ఇంకో క్రియ ఉంటే అది హెల్పింగ్ వర్బ్, లేకపోతే మెయిన్ వర్బ్. 'ఐ హ్యావ్ ఎ పెన్', 'షి డజ్ హర్ హోంవర్క్', 'వి ఆర్ హ్యాపీ' మెయిన్ వర్బ్‌లు. ప్రశ్న వాక్యంలో ఆ రెండో క్రియ కర్తకు అవతల ఉంటుంది, 'నాట్, ఆల్వేస్, నెవర్' లాంటివి మధ్యలో దూరుతాయి, అవి క్రియలు కావు అని హెచ్చరించాలి. తెలుగు పిల్లలకు ఇక్కడ రెండు గోతులు ఉన్నాయి. 'అతను డాక్టర్' అన్న వాక్యంలో తెలుగుకు క్రియే అక్కర్లేదు, అందుకే 'హి డాక్టర్' వస్తుంది. 'హ్యావ్'కు తెలుగులో క్రియ లేదు. 'నా దగ్గర ఉంది', 'నాకు ఉన్నారు' అంటాం. 'టు బ్రదర్స్ ఆర్ దేర్ టు మి' పుట్టేది అందుకే. మరో పక్క 'ఐ యామ్ గో', 'ఐ యామ్ లైక్ మ్యాంగో' అనే వాక్యాలు. ఎల్‌కేజీలో నెలల తరబడి 'ఐ యామ్ ఎ బాయ్', 'ఐ యామ్ ఫైవ్' మాత్రమే పలికించడంతో 'నేను' అంటే 'ఐ యామ్' అని ఒకే మాటగా పాతుకుపోతుంది. మొదటి వారం నుంచే 'ఐ లైక్', 'ఐ వాంట్', 'ఐ హ్యావ్' పక్కన పెట్టి పలికిస్తే ఈ తప్పు మొలకెత్తదు. మొలకెత్తాక తీయడానికి ఏళ్లు పడుతుంది.

సహాయక క్రియ ఒక్కటే నిలబడి జవాబు చెప్పే సందర్భాలు మన పాఠాల్లో బాగా తక్కువ. తెలుగులో 'వస్తావా?' అంటే 'వస్తా' అని క్రియనే తిరిగి చెప్తాం, అందుకే 'డు యు ప్లే క్రికెట్?'కు 'యెస్, ఐ ప్లే' వస్తుంది. 'యెస్, ఐ డు' రావాలంటే జంటలుగా కూర్చోబెట్టి రోజూ ఐదు నిమిషాలు ప్రశ్న-జవాబు ఆడించాలి. 'కదా' సంగతీ ఇదే. తెలుగులో ఒకే 'కదా' అన్ని వాక్యాలకూ సరిపోతుంది కాబట్టి అన్నిటి చివరా 'ఈజింట్ ఇట్' వచ్చి కూర్చుంటుంది. ఎరుపు పట్టీ అలవాటైన పిల్లలు 'యు లైక్ ఇట్' పట్టీ విప్పి 'డోంట్ యు' అనగలరు.

'హ్యావ్' వెనుక వి3 వచ్చే వాక్యాలు చివరకు ఉంచడం మేలు, ఆరో తరగతి దాకా తొందర అక్కర్లేదు. 'తిన్నాను' అన్న ఒకే తెలుగు మాటకు ఇంగ్లిష్‌లో 'ఐ ఏట్', 'ఐ హ్యావ్ ఈటెన్' రెండూ ఉన్నాయి. ఆ తేడా పట్టుకోవడానికి తెలుగు సాయం చేయదు, 'ఎస్టర్‌డే' లాంటి మాట పక్కన ఉంటే 'హ్యావ్' రాదనే గుర్తుతోనే మొదలుపెట్టాలి. కర్మణి వాక్యం మాత్రం ఎవరి వరస కోసమూ ఆగడం లేదు. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022–23 నుంచి 1–8 తరగతుల్లో ఇంగ్లిష్ మీడియం మొదలయ్యాక, 'ఈజ్ కాల్డ్', 'ఆర్ మేడ్ ఆఫ్' లాంటి వాక్యాలు ఇంగ్లిష్ పీరియడ్ కంటే ముందే సైన్స్ పుస్తకంలో ఎదురవుతాయి. వాటిని వ్యాకరణం లేకుండా, 'అంటారు', 'తయారైంది' అన్న అర్థంతో కట్టుమాటలుగా చెప్పి వదిలేయవచ్చు.

చెవి సమస్య ఒకటి మిగిలింది. మాట్లాడే ఇంగ్లిష్‌లో సహాయక క్రియను బలంగా పలకరు. 'హి కెన్ స్విమ్'లో 'కెన్' దాదాపు 'క్‌న్' అని మింగేసినట్టుగా ఉంటుంది, 'కాంట్' మాత్రం నిండుగా వినపడుతుంది. 'హీజ్ గోయింగ్', 'హీజ్ గాన్' రెండింట్లోనూ వినపడేది 'హీజ్' ఒక్కటే. మొదటిది 'ఈజ్' అనీ రెండోది 'హ్యాజ్' అనీ వెనుక మాట రూపాన్ని బట్టే తెలియాలి. 'డోంట్'ను పిల్లలు ముందుగా వినేది 'డోంట్ టచ్', 'డోంట్ రన్' అనే కేకల్లో. అందుకని అది 'వద్దు' అనే ఒకే మాటగా నాటుకుంటుంది. 'ఐ డోంట్ నో'లో అదే మాట ఎలా వచ్చిందో అర్థం కాదు. రాతలో 'డు నాట్' అని విడదీసి, పలకడంలో 'డోంట్' అని కలిపి, రెండూ ఒకే పట్టీకి రెండు వైపులా రాస్తే సరిపోతుంది.

ఇంత చేసినా పరీక్షలో గీత గీయించే ప్రశ్నే వస్తే శ్రమ అటే కొట్టుకుపోతుంది. పది మార్కుల్లో రెండు గీతకు ఉంచి, మిగతా ఎనిమిదికి నాలుగు వాక్యాలు ఇచ్చి ఒక్కోదాన్ని ప్రశ్నగా, వ్యతిరేకంగా మార్చమనవచ్చు: 'షి కెన్ డ్రా', 'దే ఆర్ ప్లేయింగ్', 'మై ఫాదర్ డ్రైవ్స్ ఎ బస్', 'రవి వెంట్ టు గుంటూరు'. మూడో, నాలుగో వాక్యాల్లో పట్టీ విప్పాల్సి ఉంటుంది. మార్కులు దిద్దేటప్పుడు 'డిడ్' పెట్టి 'వెంట్' ఉంచేసిన పిల్లలకు సగం మార్కు ఇవ్వాలి. వాళ్లు పట్టీ విప్పారు, పై మాట చెరపడం ఒక్కటే మరిచారు. 'రవి నాట్ వెంట్' అని రాసినవాళ్లకు పట్టీ ఉందనే ఇంకా తెలియలేదు, వాళ్లను మళ్లీ 'కెన్' దగ్గర నుంచి తీసుకురావాలి.